జానెడు లోతున

రక్తాన్ని నాలుగు డిగ్రీల దగ్గర నిద్రపుచ్చే ఉద్యోగం నాది.
రాత్రంతా సంచులు లెక్కపెట్టి, గంటగంటకీ అంకె రాసి,
తెల్లారి ఐదున్నరకి యశవంతపుర బస్సు దిగి
చేతులు చంకల్లో దాచుకుని నడుస్తాను.
డిసెంబర్‌లో బెంగళూరు
ఎవరో తలుపు వెయ్యడం మరిచిన ఫ్రిజ్.

మూడో అంతస్తు బాల్కనీలో నా వెదురు
ఆకుల్ని బీడీల్లా చుట్టేసుకుంది.
కొసలకి అగ్గిపుల్ల తగిలినట్టు మాడు రంగు.
నీళ్లు పోశాను, తాగలేదు.
గోనెసంచి కట్టాను.
మోచేతి దగ్గర చిరిగిన నా స్వెట్టరు
తొట్టికి తొడిగాను.
ఎదురింటి పిల్ల నవ్వి ఫొటో తీసుకుంది.

దీని తోడబుట్టింది కింద ఉంది.
ఆషాఢంలో ఒకే దుంపని గడ్డపారతో రెండు చేసి
సగం నాకిచ్చి, సగం సంపు పక్కన పాతాడు
వాచ్‌మన్ తిప్పేస్వామి.
రాయదుర్గం మనిషి. నేను నర్సును కానని
ఎన్నిసార్లు చెప్పినా సిస్టరమ్మా అనే అంటాడు.
తన సగానికి అతను చేసిందేమీ లేదు.
ఊడ్చిన చెత్తాకు దాని మొదట్లోకి తోస్తాడు,
పళ్లు తోముకుని అక్కడే పుక్కిలిస్తాడు.
అదేమో సిగ్గులేని పచ్చదనంతో
మంచులో కూడా గలగలమంటోంది.

సిద్దాపుర నర్సరీ ముసలాయన
మొక్కని చూడకుండానే చెప్పాడు:
"చలి కొట్టేది ఆకుని కాదమ్మా, వేరుని.
నేలకి చలి పైనుంచే దిగాలి.
తొట్టికి చుట్టూ గాలే, అడుగునా గాలే."

మాట మీద నమ్మే అలవాటు లేదు నాకు.
ల్యాబ్‌లో పక్కన పడేసిన థర్మామీటరు తెచ్చాను.
ధనుర్మాసం. ఆరు గంటలు.
ఎక్కడో మైకులో పాశురం గొంతు సవరించుకుంటోంది.
తొట్టి మట్టిలో జానెడు లోతున
పదమూడు.
మెట్లు దిగి, సంపు పక్కన జానెడు లోతున
ఇరవై ఒకటి.
మళ్లీ గుచ్చాను. ఇరవై ఒకటే.
వేలు దించి చూశాను,
పడుకున్న పిల్లి పొట్ట కింద
చెయ్యి దూర్చినట్టుంది.

"ఏం సిస్టరమ్మా, భూమికి జొరమా?"
అవునన్నాను.
తగ్గనివ్వకన్నాను.

అతనే అన్నాడు, తొట్టితో సహా పాతేద్దామని.
మెడ దాకా గొయ్యి తీశాడు,
ఇద్దరం కలిసి దింపాం.
స్వెట్టరు విప్పుతుంటే, ఉంచమన్నాడు.
మర్నాడు పార్కింగ్ గీత దాటిందని
సెక్రెటరీ నోటీసు అంటించాడు.
చినుకులకి నోటీసు జారి
తొట్టి మీదే పడింది. తీయలేదు, అదీ ఓ దుప్పటే.

జనవరి చివర్లో ఒక పొద్దున
ఆకులు ఒక్కొక్కటీ విప్పుకున్నాయి,
పాత ఉత్తరాలు మడత విప్పినట్టు
కాస్త నలిగి, కాస్త చిరిగి.

మార్చితో నా పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసింది.
ఓనరు అద్దె పెంచాడు. నేను ఇల్లు చూసుకున్నాను.
ఆటో ట్రాలీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే
తొట్టి అంచు పట్టుకుని లాగాం.
రాలేదు.
తిప్పేస్వామి పక్కన తవ్వాడు, చెయ్యి పెట్టి తడిమాడు.
నీళ్లు పోవడానికి అడుగున పెట్టిన కన్నంలోంచి
వేళ్లు ఎప్పుడో కిందికి దిగిపోయాయి.
ఇంకాస్త తడిమి, ఊరుకున్నాడు.
"ఇందులో మీదేదో నాదేదో
తెలీడం లేదు సిస్టరమ్మా."
గడ్డపార గోడకి ఆనించి
బీడీ వెలిగించుకున్నాడు.

థర్మామీటరు అతనికిచ్చి
ట్రాలీ ఎక్కాను.

కొత్తింటికి బాల్కనీ లేదు.
మళ్లీ కార్తీకం వచ్చింది, మళ్లీ నైట్ డ్యూటీ.
తెల్లవారుజామున ఒక్కోసారి
చలిగది బయట నా ఫోను మోగుతుంది.
కళ్లజోడు లేక అంకెలు కూడబలుక్కుంటూ
అతను చదువుతాడు:
"ఇరవై... రెండు సిస్టరమ్మా."
రక్తం రాసుకునే పుస్తకం చివరి పేజీలో
అది కూడా రాసుకుంటాను.